మూర దాటని చేపలు

చిలుకలమడుగు చెరువు ఒడ్డున ఉన్న చేపల పరిశోధన కేంద్రంలో ఒకప్పుడు పదకొండు మంది పనిచేసేవారు. ఇప్పుడు మిగిలింది డాక్టర్ కాత్యాయని ఒక్కతే. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు రాలేదు. ఆమె బదిలీ అడగలేదు, అడగనిదే ఇచ్చేవాళ్లూ లేరు. యాభై ఏడేళ్ల వయసులో పొద్దున్నే తన టీ తానే పెట్టుకుని, వరండాలో కూర్చుని తాగి, ప్రయోగశాల తాళం తీసేది. సాయంత్రం మళ్లీ తానే తాళం వేసేది. ఆ రోజంతా తన గొంతు తానే వినలేదన్న సంగతి ఒక్కోసారి పడుకోబోయే ముందు గుర్తొచ్చేది.

ఆ ఏడు వానాకాలం మొదట్లో ఒకరోజు ఆమె గాలం వేసి పట్టిన కొర్రమీనును బల్ల మీద పెట్టి కొలిచింది. సరిగ్గా జానెడుంది. ఆ పొడవున్న కొర్రమీను అంటే ఇంకా పిల్ల కిందే లెక్క. కానీ కడుపు కోసేసరికి పసుపుపచ్చని గుడ్లు బయటపడ్డాయి.

"నీకప్పుడే ఏం తొందరొచ్చిందే?" అంది చేపతో.

చేప వయసు దాని తలలో దాగి ఉంటుంది. చెవి భాగంలో గోరులో సగముండే తెల్లటి రాయి ఒకటి ఉంటుంది. ఎండాకాలంలో చేప ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి ఆ రాయిలో ఏడాదికొక వలయం పడుతుంది. కాత్యాయని ఆ రాయిని పల్చగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఒక వలయమో, మహా అయితే రెండో ఉంటాయనుకుంది.

ఏడున్నాయి.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది. ఏడే. అది పిల్ల చేప కాదు. ఏడేళ్లు బతికి, జానెడు దగ్గరే ఆగిపోయిన ముసలి చేప.

పది రోజుల్లో చెరువు నాలుగు మూలల నుంచీ నలభై చేపలు పట్టి చూసింది. నాలుగేళ్లవి, ఆరేళ్లవి, ఒకటైతే తొమ్మిదేళ్లది. ఒక్కటీ మూర పొడవుకు దరిదాపుల్లో లేదు. ఏడాది నిండకుండానే గుడ్లు మోస్తున్నాయి. బీరువాలోంచి పాత నోటుపుస్తకాలు తీసి, తన చేత్తో తానే రాసుకున్న పేజీలు తిరగేసింది. పద్దెనిమిదేళ్ల కిందట ఇదే చెరువులో కొర్రమీను మూర దాటాకే గుడ్లు పెట్టేది.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. మూర దాటిన ప్రతి చేపనూ పద్దెనిమిదేళ్లుగా చెరువులోంచి తీసేస్తూ వచ్చారు. త్వరగా పెరిగినవి గుడ్లు పెట్టకముందే వలలో పడ్డాయి. జానెడు దగ్గరే ఆగి, ఆ కాస్త ఒంటితోనే పిల్లల్ని కన్నవి మిగిలాయి. వాటి పిల్లలూ వాటి లాంటివే. పెరిగితే చావేనని ఈ చెరువుకు నేర్పింది ఇంకెవరో కాదు, తనే.

ఎందుకంటే ఆ వల తయారుచేసింది ఆమె.

అంతకుముందు చిలుకలమడుగులో దోమతెరలంత సన్నటి వలలు వేసేవారు. వేలెడు చేప కూడా మిగిలేది కాదు. చెరువు ఖాళీ అయిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు ముప్పై తొమ్మిదేళ్ల కాత్యాయని, ఆరేళ్లు కష్టపడి తయారుచేసిన తన వలను తీసుకుని ఈ ఊరొచ్చింది. దాని దారాలు మామూలు నైలాన్ కావు. నీళ్లలో మెత్తబడి, తగిలినదాని కదలికను పసిగట్టే జిగురు దారాలు. ఎండ నుంచి వచ్చే శక్తితో పనిచేసేవి. తొలిసారి దాన్ని నీళ్లలోకి దించింది సాయిలు తెప్ప మీద నుంచే. సాయిలు బెస్తవాళ్ల సంఘానికి పెద్ద.

"అమ్మో, ఇది మెదులుతున్నది! వలనా, పామా డాక్టరమ్మా?" అంటూ అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"దీనికి బుద్ధుంది సాయిలన్నా. చేప తగలగానే దాని పొడవు తెలుసుకుంటుంది. మూరకు తక్కువైతే ముడి విప్పి వదిలేస్తుంది. మూర దాటితే బిగుసుకుంటుంది."

ఆ మాటతో ఊరు దానికి బుద్ధివల అని పేరు పెట్టింది. చెరువులో ఆ వల తప్ప మరేదీ వేయకూడదని, మూరకు తక్కువ చేప ఏదీ ఒడ్డుకు రాకూడదని నియమం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి తెప్పలు నిండసాగాయి. సాయిలు భార్య మల్లవ్వ ఆదివారం వస్తే కాత్యాయనిని ఇంటికి పిలిచేది. జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టి, కొసరి కొసరి వడ్డించి, "ఆడిబిడ్డవు, మొహమాటపడకు" అనేది. చిన్నప్పుడే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని హాస్టళ్లలో పెరిగిన కాత్యాయనికి, ఆడబిడ్డా అని పిలిచిన ఇల్లు అదొక్కటే.

ఐదో ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం సాయిలు తడిబట్టలతో కేంద్రానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వల కోసిన డాక్టరమ్మా."

"ఏమిటి?"

"కత్తితోని కోసిన. తల్లి కొర్ర పడ్డది. రెండు మూరలుంటది. దాని పిల్లలు ఎర్రగ, ఉండ లెక్క, దాని మీదనే తిరుగుతున్నయి. తండ్రి అప్పటికే వలల పడి ఒడ్డుకు పోయింది. తల్లి గూడ పోతే గా పిల్లలను ఎవలు కాస్తరు?"

"సాయిలన్నా, పెద్దవి పోతేనే చిన్నవాటికి మేత దొరుకుతుంది. అవి పెరిగి వీటి చోటుకొస్తాయి. అన్నీ లెక్కలు కట్టే ఈ మూర గీత పెట్టాం."

"నీ వల పసిపిల్లలను ఇడిచిపెడుతున్నది. మంచిదే, కాదంటలేను. గని పెద్దోళ్లను ఒక్కల్ని గూడ ఉంచకపోతె ఇల్లెట్ల నిలవడతది? ఒక్క వానకాలం ఆగి సూడు. పెద్దయి కొన్ని ఉండనియ్యి. ఏమైతదో సూడు."

వల కోసినవాళ్లకు సంఘంలో చోటుండదనీ, జన్మలో చెరువులో దిగకూడదనీ నియమంలో ఉంది. ఆ వాక్యం పెట్టమని పట్టుబట్టింది కాత్యాయనే. ఒకరిని వదిలేస్తే రేపు అందరూ కోస్తారనుకుంది. ఆ సాయంత్రమే రిపోర్టు రాసి పంపింది. తన వలలో తప్పుందని ఒక మనిషి మొదటిసారి ఎదురుగా నిలబడి చెప్పడం ఆమె భరించలేకపోయిందన్నది అసలు సంగతి. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు పదమూడేళ్లు పట్టింది.

నెల తిరక్కుండా సాయిలు, మల్లవ్వ ఊరు విడిచిపెట్టారు. వెళ్లేరోజు మల్లవ్వ నెత్తిన మూటతో కేంద్రం ముందు నుంచే నడిచివెళ్లింది. కాత్యాయని వరండాలోకి వచ్చి నిలబడింది. మల్లవ్వ ఇటు తిరగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆపైన వలలు తేలికవడం మొదలైంది. నీళ్లలో చేపలు తిరుగుతూనే ఉన్నాయి, రేవులో నిలబడితే కాళ్లకు తగులుతూనే ఉన్నాయి, కానీ బుద్ధివల అన్నింటికీ ముడి విప్పేది. ఏటేటా కొన్ని కుటుంబాలు తెప్పలు బోర్లించి పట్నం దారి పట్టాయి. ఎనభై గడపల బెస్తవాడలో ఇప్పుడు నాలుగు ఇళ్లలోనే పొయ్యి వెలుగుతోంది.

*

కాత్యాయని చేపల చెవిరాళ్ల ఫొటోలన్నీ పై ఆఫీసుకు పంపింది. మూడో రోజు డైరెక్టర్ వీడియో కాల్‌లోకి వచ్చాడు. ఆమె కన్నా పదిహేనేళ్లు చిన్నవాడు.

"చాలా విలువైన పని మేడం. పరిష్కారం కూడా సులువే కదా? మూర దాటడం లేదంటున్నారు. గీతను జానకు దించేద్దాం. రేపటి నుంచే వలలో చేపలు పడతాయి."

"జానకు దించితే పదేళ్లలో బెత్తెడు చేపలు మిగులుతాయి. అప్పుడు?"

"అప్పటి సంగతి అప్పటివాళ్లు చూస్తారు."

"నాకు కొంచెం టైమ్ ఇవ్వండి" అంది కాత్యాయని.

ఆ కబురు ఎలా తెలిసిందో, సాయంత్రానికి బాలమణి వచ్చింది. నాలుగిళ్లలో ఒకటి ఆమెది. భర్త పోయాక తెప్ప తానే నడుపుకుంటోంది. యాభై దాటినా తెప్ప తోసే గెడ మీద ఆమె చేతులు ఇంకా గట్టివే.

"జానకు దించుతరట గద డాక్టరమ్మా? సల్లగుండు. ఇన్నేండ్లకు మా దిక్కు సూసినవ్."

"ఇంకా ఖాయం కాలేదు బాలమణీ" అంది కాత్యాయని. తర్వాత, చాలా రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగింది. "సాయిలన్న ఎక్కడున్నాడో నీకు తెలుసా?"

బాలమణి ఆమె ముఖంలోకి ఒక నిమిషం చూసి, పట్నంలో ఒక చోటు పేరు చెప్పింది.

*

అది ఊరు చివర కొత్తగా లేచిన అపార్టుమెంటు. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఒంటికి వదులైన నీలం చొక్కాతో సాయిలు కూర్చుని ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. ఆమెను చూసి లేచాడు.

"డాక్టరమ్మా! జుట్టంత తెల్లగైంది గద."

బస్సులో వస్తూ ఎంతో జాగ్రత్తగా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నువ్వు చెప్పింది నిజం సాయిలన్నా. నేను రాసింది తప్పు" అనగలిగింది.

ఏదో కారు వచ్చి హారన్ కొట్టింది. సాయిలు వెళ్లి గేటు తీసి, మూసి, నెమ్మదిగా తిరిగొచ్చాడు.

"మల్లవ్వ ఉన్నప్పుడు వచ్చి చెప్పాల్సింది."

కాత్యాయని తలెత్తింది.

"పోయి రెండేండ్లాయె. శానా రోజులు ఏడ్సింది గామె. నేను వల కోసినందుకు గాదు, ఊరు ఇడిసినందుకు గాదు. ఆడిబిడ్డె గింత పని చేసెనని."

ఆమె గేటు పక్క గోడకు చెయ్యి ఆనించింది. సాయిలు కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుని చెరువు సంగతి చెప్పింది. పెరిగే జాతి చేపే ఇక చిలుకలమడుగులో లేదనీ, పెద్దవాటి రక్తం మిగిలి ఉంటే తప్ప చెరువు కోలుకోదనీ చెప్పింది.

సాయిలు నేల చూస్తూ విన్నాడు. "గా పిల్లలేమైనయనుకున్నవ్?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏ పిల్లలు?"

"నేను ఇడిసిన తల్లి నాలుగొద్దులకే ఇంకొకల వలల పడ్డది. పిల్లలు ఒక్కదిక్కు లేకుంట తిరుగుతుండె. ఊరు ఇడిసేటప్పుడు బిందెల ఎత్తుకపోయిన. మల్లవ్వ తల్లిగారి ఊరి దగ్గర పాత కంకర క్వారీ ఉన్నది. అండ్ల నీళ్లు ఎండవు, వల ఎయ్యనీకి దారి లేదు. మల్లవ్వనే వంచింది బిందె, అండ్లకు."

*

మూడో రోజు సాయిలు సెలవు పెట్టి క్వారీ దగ్గరికి వచ్చాడు. రాళ్ల మధ్య ఇరుకు సందులోంచి ఇద్దరూ చేతులు పట్టుకుని దిగారు. క్వారీ గుంతలో నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నీటిమధ్యలో ఒక వెడల్పాటి తల పైకి లేచి, నోరు తెరిచి గాలి మింగి, మళ్లీ మునిగింది. కొర్రమీను అలాగే ఊపిరి పీల్చుకుంటుంది. ఆ వెనకే వీపు తేలింది, ఎంతసేపటికీ ఆగకుండా, మనిషి కాలంత పొడవున.

కాత్యాయనికి పదేళ్లయింది అలాంటి చేపను చూసి.

కప్పను గుచ్చి గాలం వేస్తే మధ్యాహ్నానికి ఏడు చేపలు పడ్డాయి. కొర్రమీను తడి తగులుతుంటే చాలు, ఒడ్డు మీద కూడా గంటలు గంటలు బతుకుతుంది. తడిపిన గోనెసంచుల్లో వాటిని చుట్టి ఆటోట్రాలీలో పెట్టారు. చివరిదాన్ని సాయిలు రెండు చేతుల్లో పట్టుకుని, దాని తల మీద బొటనవేలు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

"నువ్వూ రా సాయిలన్నా. చెరువులో నీ చేత్తో వదులు."

"నేను రాను." ఆ మాటలో కోపం లేదు. "గాడ నా తెప్ప లేదు, నా వాడ లేదు, మల్లవ్వ లేదు. నేనొచ్చి ఎవల దిక్కు సూడాలె? తీస్కపో. నా ఫోన్ నంబర్ రాసుకో, ఏమైన ఉంటె చెప్పు."

చీకటి పడకముందే ఆమె ఒక్కతే తుంగ పొదల దగ్గర నడుము లోతు నీళ్లలోకి దిగి, ఏడు సంచులూ ఒక్కొక్కటిగా విప్పింది.

*

అక్కడితో పని తీరలేదు. కష్టమైనది ఇంకా మిగిలే ఉంది. బుద్ధివలకు పొడవు తెలుసు, వయసు తెలియదు. జానెడు దగ్గర ఆగిపోయిన ముసలి చేపా, ముందుముందు రెండు మూరలు పెరగబోయే పిల్ల చేపా దానికి ఒకటే. ఏది పట్టినా క్వారీ చేపల పిల్లలు పోతాయి. అందుకని కొన్నేళ్లు ఏదీ పట్టకూడదు. కనీసం ఆరేళ్లు. ఆ తర్వాత కూడా మధ్యరకం చేపల్నే పట్టి, బాగా పెద్దవాటిని వదిలేస్తూ పోవాలి. చెరువంతా మళ్లీ పాత చెరువు కావడానికి ఎంతకాలం పడుతుందో లెక్క కట్టింది. నలభై ఏళ్లు వచ్చింది.

డైరెక్టర్ విని తల పట్టుకున్నాడు. వారం తర్వాత ఒప్పుకున్నాడు. "కానీ చేపలు పట్టని చెరువుకు సిబ్బందిని ఇవ్వలేను మేడం. మీరొక్కరే చూసుకోవాలి. రిటైరయ్యాక కూడా ఉంటానంటే ఆ క్వార్టర్ మీకే వదిలేస్తాం."

"ఉంటాను" అందామె.

బాలమణికి ఆ సంగతి చెప్పడానికి ఆమె ఇంటికే వెళ్లింది. మిగతా మూడిళ్లవాళ్లూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కాత్యాయని దాచకుండా అంతా చెప్పింది. వల తనదేనని, తప్పు తనదేనని, ఇప్పుడు అడుగుతున్నది కూడా అన్యాయమేనని చెప్పింది.

"ఆరేండ్లా?" అంది బాలమణి. "అప్పటిదాక మేమేం తినాలె?"

"నాకు తెలియదు బాలమణీ."

"మొన్న జానకు దించుతమంటిరి గద? దించితె రేపే చేపలు పడతయంటిరి?"

"పడతాయి. నీ మనవరాలి కాలానికి చెరువులో వేలెడు చేప కూడా ఉండదు."

బాలమణి చూపు ఇంటి ముందు తడి ఆరని తన తెప్ప మీద ఉంది. "మొదలు పెద్దయి పట్టుమంటివి, పట్టినం. ఇప్పుడు ఏది పట్టకుమంటున్నవు. నీ మాట మీద మేము రెండుమాట్ల సంసారం కూల్చుకున్నట్టాయె." గొంతు పెరగలేదు. "నేను నా బిడ్డింటికి పోత. చెరువు బాగైతె బాగుండనియ్యి. నేనైతే సూడ."

ఆ నెలాఖరుకు నాలుగిళ్లకూ తాళాలు పడ్డాయి. చివరి బండి వెళ్లేటప్పుడు కాత్యాయని సామాను ఎక్కించడానికి సాయం చేసింది. బాలమణి వద్దనలేదు, ఎక్కాక మాత్రం చెయ్యి ఊపలేదు. కాత్యాయని కేంద్రానికి తిరిగొచ్చి, బుద్ధివలకు కొలత చెప్పే యంత్రంలో గీతను పది మూరలకు మార్చింది. అంత చేప ఈ చెరువులో ఉండదు. ఇక ఆ వల దేన్నీ పట్టదు. అయినా మనసొప్పక మిగిలిన వలలన్నీ నీళ్లలోంచి లాగి షెడ్డులో వేసింది.

ఆ చలికాలం చాలా పొడుగ్గా గడిచింది. బెస్తవాడ గోడల మీద తీగలు పాకాయి. వారానికొకసారి సరుకులు తెచ్చే వ్యానువాడు తప్ప మనిషి ముఖం కనిపించేది కాదు. రోజూ తెల్లవారగానే ఆమె గట్టు వెంట నడిచేది. రాత్రి దొంగగాలాలు వేశారేమో చూసుకునేది. ఉంటే పీకేసేది. ఏడు చేపల్లో రెండు ఎండాకాలంలో చచ్చి తేలాయి. మిగతా ఐదూ ఎక్కడున్నాయో, ఉన్నాయో లేదో తెలియదు. ఆమె రిటైరైన రోజు పై ఆఫీసు నుంచి ఒక మెసేజి వచ్చింది. చదివి, ఆ రోజు కూడా గట్టు చుట్టి వచ్చింది.

మళ్లీ వానలు పడ్డాయి. మూడో వారం ఒక పొద్దున, తుంగ మధ్యన నీళ్లు ఒకచోట ఉడుకుతున్నట్టు కనిపించి ఆమె లోపలికి దిగింది. మోకాలి లోతులో ఆగిపోయింది. దోసెడంత ఎర్రటి ఉండ ఒకటి నీటి మీద కదులుతోంది. విడిపోతోంది, మళ్లీ దగ్గరవుతోంది. వెంట్రుకల్లాంటి పిల్లలు, వందలు, వేలు.

అక్కడే నిలబడి ఫోన్ తీసింది.

"సాయిలన్నా, పిల్లలు."

"ఎర్రగున్నయా?"

"ఎర్రగా ఉన్నాయి."

"తల్లి?"

ఆ అడిగిన క్షణంలోనే ఉండ కింద నీళ్లు పైకి ఉబికాయి. నల్లటి వెడల్పాటి తల లేచి గాలి మింగి దిగింది. రెండడుగుల అవతల మరో తల లేచింది. "ఉంది. తండ్రి కూడా ఉంది. ఇద్దరూ ఉన్నారు సాయిలన్నా."

ఫోన్లో దూరంగా కారు హారన్ మోగింది. ఎవరో "వాచ్‌మన్, వాచ్‌మన్" అని కేక వేశారు. సాయిలు వాళ్లకు పలకలేదు.

"నువ్వు యాడ నిలవడ్డవు?" అన్నాడు.

"నీళ్లలోనే. వాటి పక్కనే."

"అట్ల నిలవడకు. నీ నీడ మీద పడితె తల్లి బెదురుతది. బెదిరితె పిల్లలను ఇడిసి లోపటికి పోతది. దూరం జరుగు డాక్టరమ్మా. నువ్వు గాడ లేకుంటనే వాటికి మంచిది."

ఆమె వెనక్కి అడుగు వేసింది. నీళ్లు చప్పుడు కాకుండా, వాటి వైపే చూస్తూ, ఒక్కొక్క పాదమే తీసి వెనక్కి పెట్టింది. ఒడ్డెక్కాక చూస్తే పొద్దుటి ఎండలో తన నీడ ఇంకా తుంగ దాకా సాగి ఉంది. ఇంకా వెనక్కి నడిచింది. నీడ నీళ్లను వదిలి, బురదను వదిలి, గట్టు మీదికి వచ్చేదాకా నడిచింది. అక్కడి నుంచి పిల్లలు కనిపించలేదు, తల్లి కనిపించలేదు. గాలికి ఊగే తుంగ ఒక్కటే కనిపించింది.

"జరిగినవా?"

"జరిగాను."

"కనవడుతున్నయా?"

"లేదు."

"అయితె సరిపోయింది. గాడనే ఉండు" అన్నాడు సాయిలు.

కాత్యాయని ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, తడి పాదాలతో గట్టు మీద కూర్చుంది.